బంతి విసిరితే భుజం వెనక పొడుస్తోంది, ఎమ్మారై చూసి ఆపరేషన్ అన్నారు. ఏం చేయమంటారు?

పల్నాడు_పేసర్ | జనవరి 19, రాత్రి 10:12

అన్నలకు, అక్కలకు నమస్కారం. వయసు 19, కుడిచేతి మీడియం పేస్, జిల్లా లీగ్ ఆడతా. సంక్రాంతి టోర్నీ అయ్యాక డీప్ నుంచి బంతి విసురుతుంటే కుడి భుజం వెనక, లోపల ఎక్కడో సూదితో పొడిచినట్టు ఉంటోంది. బౌలింగ్ చేస్తే అంత లేదు. రెండు త్రోలు గట్టిగా వేస్తే మటుకు చెయ్యి చచ్చుబడినట్టు అయిపోయి, మూడోది కీపర్ దాకా కూడా పోవట్లేదు.

మా ఊళ్ళో ఆర్ఎంపీ ఒక సూది వేశాడు. రెండ్రోజులు హాయిగా ఉంది, ఆ రెండ్రోజులూ ఇంకా గట్టిగా విసిరా. తర్వాత టౌన్‌లో ఒకరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇంకొకాయన ఎమ్మారై తీయించారు. అందులో "సుప్రాస్పైనేటస్ ఆర్టిక్యులర్ సైడ్ పార్షియల్ టేర్, పోస్టీరో సుపీరియర్ లేబ్రల్ ఫ్రేయింగ్" అని ఉంది. ఆపరేషన్ చేస్తే ఆరు నెలల్లో ఆడొచ్చంట, లక్షన్నర దాటుతుందంట. ఫిబ్రవరి 20న సెలెక్షన్ ట్రయల్స్. నాన్న పొలం పనులు వదిలేసి నాతో తిరుగుతున్నాడు. ఏం చేయాలో తోచట్లేదు.

కాపడం_బాబాయ్ | జనవరి 19, రాత్రి 10:31

ఆపరేషన్ జోలికి పోవద్దు నాయనా. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకో, మా బావమరిదికి చెయ్యి విరిగితే నలభై రోజుల్లో అతుక్కుంది. రాత్రిపూట ఉప్పు మూటతో కాపడం.

టేపు_ఫిజియో | జనవరి 19, రాత్రి 11:05

బాబాయ్ గారూ, పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. ఇక్కడ విరిగింది ఏమీ లేదు. ఇరవై రోజులు కట్టు కట్టి భుజం కదలకుండా ఉంచితే అప్పుడు నిజంగానే బిగుసుకుంటుంది.

తమ్ముడూ, ముందు ఫ్రోజెన్ షోల్డర్ మాట మర్చిపో. అది ఎక్కువగా నలభై దాటినవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి వస్తుంది. అందులో చెయ్యి అన్ని వైపులకీ పట్టేస్తుంది, ముఖ్యంగా బయటికి తిరగదు. నువ్వు బౌలింగ్ వేయగలుగుతున్నావంటేనే అది కాదు.

రిపోర్టు పక్కన పెట్టి ఇవి చెప్పు:
నొప్పి త్రోలో ఏ క్షణంలో వస్తోంది, చెయ్యి బాగా వెనక్కి వెళ్ళినప్పుడా, బంతి వదిలాకా?
నొప్పి మొదలవకముందు నెలరోజుల్లో ఎన్ని త్రోలు వేశావు, సంక్రాంతి మూడ్రోజుల్లో ఎన్ని?
వేళ్ళ దాకా తిమ్మిరి ఉందా? మెడ తిప్పితే చేతిలోకి లాగుతోందా? ఎప్పుడైనా చెయ్యంతా ఉబ్బి నీలంగా మారిందా? ఈ చివరిదానికి అవునంటే ఇక్కడ టైప్ చేయడం ఆపి ఇప్పుడే క్యాజువాలిటీకి వెళ్ళు. చంక దగ్గర సిరలో రక్తం గడ్డకట్టినా చేతులు విసిరే ఆటగాళ్ళలో అలానే ఉంటుంది.

పల్నాడు_పేసర్ | జనవరి 20, ఉదయం 7:40

వాపు, నీలం, తిమ్మిరి ఏవీ లేవక్కా. చెయ్యి ఫుల్లుగా వెనక్కి వెళ్ళి ఇంక ముందుకు తిరగబోయే క్షణంలో పొడుస్తోంది. వదిలేశాక కాదు.

లెక్క అంటే సిగ్గేస్తోంది. డిసెంబర్ అంతా ఆడలేదు. సంక్రాంతికి మూడ్రోజుల్లో 11 మ్యాచ్‌లు, టెన్నిస్ బాల్. ప్రతి మ్యాచ్‌లో రెండు ఓవర్లు, అదీ జర్క్ బౌలింగే. పైగా లాంగాన్‌లో నేనే. త్రోలు ఎవరు లెక్కపెడతారు, 200 పైనే ఉంటాయి.

జావెలిన్_హన్మకొండ | జనవరి 20, ఉదయం 8:15

నెల రోజులు సున్నా, మూడ్రోజుల్ల రెండొందలు. ఇంగ భుజం ఏం పాపం చేసింది తమ్మీ.

టేపు_ఫిజియో | జనవరి 20, మధ్యాహ్నం 1:20

సగం కథ ఇందులోనే ఉంది.

త్రో వేసేటప్పుడు చెయ్యి వెనక్కి ఎంత తిరుగుతుందో నీకు తెలీదు. వీపు, రెక్క ఎముక కదలిక కూడా కలుపుకుంటే దాదాపు 170 డిగ్రీలు. ఆ స్థితిలో సుప్రాస్పైనేటస్ కండర కొస లోపలి వైపు, భుజం కీలు గిన్నె అంచుకున్న మెత్తటి వలయం వెనక పైభాగం, రెండూ ఒకదానికొకటి నొక్కుకుంటాయి. ఆ వలయాన్నే లేబ్రమ్ అంటారు. అది కొంతవరకు అందరికీ జరిగేదే. రోజూ వందలసార్లు జరిగి, పైగా భుజం సరిగ్గా మధ్యలో నిలబడకపోతే ఒరుసుకుపోతుంది. దీన్ని ఇంటర్నల్ ఇంపింజ్‌మెంట్ అంటాం. 1992లో ఫ్రాన్స్‌లో వాల్ష్ అనే సర్జన్ వర్ణించాడు. నీ ఎమ్మారైలో ఉన్న రెండు మాటలూ సరిగ్గా ఆ రెండు చోట్లే. బౌలింగ్‌లో చెయ్యి పెద్ద వృత్తంలో తిరుగుతుంది గానీ అంత వెనక్కి మెలిపడదు, అందుకే నొప్పి తక్కువ. జర్క్ వేస్తే మాత్రం అదీ త్రోనే, పేరు మారిందంతే.

తర్వాత చెయ్యి ముందుకు తిరిగే వేగం. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్లలో కొలిస్తే సెకనుకు 7000 డిగ్రీల దగ్గర వచ్చింది. అంత వేగంగా తిరిగేదాన్ని ఆపాలిగా? భుజం వెనక ఉన్న చిన్న చిన్న కండరాలే బ్రేకులు. ఆ బ్రేకులు అరిగి బిగుసుకుంటే వచ్చేదే తర్వాతి గొడవ. అందుకే ఒక కొలత కావాలి.

చాప మీద వెల్లకిలా పడుకో. చెయ్యి పక్కకి చాపి, మోచెయ్యి 90కి వంచి, వేళ్ళు పైకప్పు వైపు. ఇంట్లో ఎవరైనా భుజం ముందుభాగాన్ని అరచేత్తో నేలకి మెల్లిగా నొక్కి పట్టాలి, లేకపోతే రెక్క లేచి మోసం చేస్తుంది. ఇప్పుడు ముంజేతిని పాదాల వైపు వాల్చు, ఎక్కడ ఆగుతుందో ఫోన్‌లో యాంగిల్ యాప్‌తో చూడండి. తర్వాత తల వైపు. రెండు చేతులకీ. నాలుగు అంకెలు పంపు.

ఇంకో పని: పక్క నుంచి, వెనక నుంచి నీ త్రో స్లో మోషన్ వీడియో. సగం జోరుతో రెండే రెండు త్రోలు. ఆ తర్వాత చెప్పేదాకా బంతి ముట్టుకోకు.

ఎడిసన్_అమ్మ | జనవరి 20, రాత్రి 9:50

న్యూజెర్సీ నుంచి. మా వాడు పన్నెండేళ్ళవాడు, బేస్‌బాల్ పిచ్చర్. పోయిన వేసవిలో వాడూ ఇలాగే భుజం అన్నాడు, నేను హోంవర్క్ ఎగ్గొట్టడానికనుకున్నా. ఇక్కడ లిటిల్ లీగ్‌లో 2007 నుంచి బంతుల లెక్క ఉంది. 11, 12 ఏళ్ళవాళ్ళు రోజుకు 85కి మించి పిచ్ చేయకూడదు, 66 దాటితే మధ్యలో నాలుగు రోజులు విశ్రాంతి. మేం ఆ రూలు తు.చ. తప్పకుండా పాటించాం. కానీ వాడు రెండు టీములకు ఆడుతున్నాడు, ఎవరి లెక్క వాళ్ళది. రెండూ కలిపి కూడిన మహానుభావుడు ఒక్కడూ లేడు, నాతో సహా.

డాక్టర్ రెండు భుజాలకీ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూపించారు. కుడిచేతి పైఎముకలో ఎదుగుదల గీత ఎడమదానికంటే వెడల్పుగా, అంచులు గరుగ్గా ఉంది. ఆ వయసు పిల్లల్లో కండరాలూ వాటి కొసలూ గట్టివే, ఎదిగే ఎముకే బలహీనమైన లంకె అట. మూడు నెలలు బంతి విసరడం బంద్. ఆపరేషన్ లేదు, సూది లేదు. చిన్నపిల్లలున్నవాళ్ళు ఎవరైనా చదువుతారని రాస్తున్నా. పన్నెండేళ్ళవాడికి పెద్దవాళ్ళ జబ్బు పేరు పెట్టనివ్వకండి.

పల్నాడు_పేసర్ | జనవరి 21, సాయంత్రం 6:30

అక్కా, కొలిచాం. నాన్న భుజం పట్టుకున్నాడు, చెల్లి ఫోన్ పట్టుకుంది. మూడుసార్లు చూసి రాశాం.

కుడి: లోపలికి 38, బయటికి 112.
ఎడమ: లోపలికి 66, బయటికి 96.

వీడియో లింకు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టా. బౌండరీ_లైన్ అన్న కూడా అడిగాడు, ఆయనకీ పంపా.

టేపు_ఫిజియో | జనవరి 21, రాత్రి 8:10

చెల్లికి థాంక్స్ చెప్పు, కొలత శుభ్రంగా ఉంది.

అందరికీ అర్థమయ్యేలా చెప్తా. చిన్నప్పటి నుంచి విసిరేవాళ్ళకి పైచేతి ఎముకే కాస్త వెనక్కి మెలిపడి ఎదుగుతుంది. అందుకే విసిరే చెయ్యి బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరుగుతుంది. అది జబ్బు కాదు. చూడాల్సింది రెండూ కలిపిన మొత్తం. ఎడమ మొత్తం 162, కుడి 150. పన్నెండు డిగ్రీలు ఎక్కడో పోయాయి. లోపలికి తిరగడంలో తేడా 28. మామూలుగా లోపలి తేడా 18-20 దాటి, మొత్తంలో 5 డిగ్రీలకు మించి పోతే అనుమానించాలని లెక్క. నీకు రెండూ ఉన్నాయి. భుజం వెనక కండరాలు, దాని కింద సంచిలాంటి పొర బిగుసుకున్నాయి. అప్పుడు బంతిలాంటి ఎముక తల గిన్నెలో మధ్యన తిరక్కుండా పైకీ వెనక్కీ జరుగుతుంది, అక్కడే ఒరుసుకుంటుంది.

ఇది చేత్తో సరిచేయగలిగిన సంగతి. నీ అదృష్టం.

బౌండరీ_లైన్ | జనవరి 21, రాత్రి 9:02

వీడియో పది సార్లు చూశా. నేను ఫిజియోని కాదు, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఫీల్డింగ్ నేర్పుతున్నా. మీరందరూ భుజం చూస్తున్నారు, నేను ఎడమ కాలు చూశా. ముందుకాలు నేలకి తగలగానే నిలబడాలి, గోడలా. ఆ గోడ మీద నడుము తిరిగితేనే చేతికి జోరు వస్తుంది. ఇతను కాలు పెట్టగానే మోకాలు మెత్తగా కుంగుతోంది, ఒళ్ళు ఎడమకి పడిపోతోంది. మోచెయ్యి భుజం కంటే కిందకి జారింది. ఇక మిగిలింది చెయ్యే, దాంతోనే లాగుతున్నాడు.

అబ్బాయీ, ఎడమ కాలికి ఏమైంది?

పల్నాడు_పేసర్ | జనవరి 21, రాత్రి 9:20

అన్నా ఎలా తెలిసింది? నవంబర్ చివర్లో ఎడమ చీలమండ బెణికింది. డిసెంబర్ అంతా ఆడకపోవడం అందుకే. భుజానికి సంబంధం లేదు కదా అని రాయలేదు.

టేపు_ఫిజియో | జనవరి 21, రాత్రి 9:34

😶 నేనూ అడగలేదు. నాదే తప్పు.

జావెలిన్_హన్మకొండ | జనవరి 22, ఉదయం 6:50

గిదే. మా ఈవెంట్ల 800 గ్రాముల ఈటెను చేతితోని విసురుతరని జనం అనుకుంటరు. మా సార్ చెప్పేది: నేల మీద పుట్టిన జోరు కాళ్ళు, నడుము, ఛాతీ దాటి చేతికి వస్తది, చెయ్యి చివరి పోస్ట్‌మ్యాన్ మాత్రమే.

నా ముచ్చట గూడ చెప్త, ఎవరికన్న పనికొస్తది. నాకు నొప్పి పెద్దగ లేకుండె, బలం పోయింది. మోచెయ్యి పక్కకి ఆనించి ముంజెయ్యి బయటికి తిప్పుమంటే అమ్మ వేలితో ఆపేసేది. ఏడాదిన్నర రబ్బర్ బ్యాండ్లు గుంజిన, ఒక్క ఇంచ్ మార్పు లేదు. ఒకరోజు బనియన్ మీద ఉంటే మా అక్క వెనకకెల్లి చూసి, నీ కుడి రెక్క మీద గుంత పడ్డదేందిరా అన్నది. అద్దంల మనకు వీపు కనబడది గద. రెక్క ఎముక గీత కింద కండ కరిగిపోయి చెంచాతోని తీసినట్టు ఉండె. పెద్ద దవాఖానల నరాల టెస్టు చేసి, ఎమ్మారై తీసి చెప్పిన్రు: రెక్క ఎముక పక్క సందుల నీటి గడ్డ, అది సుప్రాస్కాపులర్ నరాన్ని నొక్కుతున్నది. లేబ్రమ్ చిరిగిన కాడికెల్లి ద్రవం ఊరి గడ్డ కట్టిందట. నాకైతే ఆపరేషన్ కావాల్సి వచ్చింది, అయింది. అంటే ఆపరేషన్ అంటేనే పారిపోవుడు గూడ కాదు. ముందు బనియన్ తీసి వీపు ఫొటో పెట్టు తమ్మీ.

పల్నాడు_పేసర్ | జనవరి 22, ఉదయం 8:05

పెట్టా అన్నా. గుంత లేదు కదా?

జావెలిన్_హన్మకొండ | జనవరి 22, ఉదయం 8:11

లేదు. గానీ కుడి రెక్క ఎడమదానికంటె కిందికి, బయటికి జారి ఉన్నది. ఫిజియో అక్క చూస్తది.

క్లబ్_ఓపెనర్ | జనవరి 22, ఉదయం 10:44

ఇంత చర్చ ఎందుకండీ. వృద్ధిమాన్ సాహా 2018లో లేబ్రమ్ ఆపరేషన్ చేయించుకుని, 2019 అక్టోబర్లో మన వైజాగ్‌లోనే సౌతాఫ్రికా మీద టెస్టు ఆడాడు. లక్షన్నరకి ఆలోచిస్తూ కూర్చుంటే కెరీర్ పోతుంది.

ఎముకల_డాక్టర్ | జనవరి 22, రాత్రి 11:30

నేను భుజాలు, మోకాళ్ళు చేసే సర్జన్‌ని. ఆపరేషన్లతోనే ఇల్లు గడుస్తుంది కాబట్టి నా మాట కొంచెం నమ్మొచ్చు.

ఓపెనర్ గారూ, సాహా కీపర్. బౌండరీ నుంచి రోజూ డెబ్బై మీటర్లు విసిరే పని కాదు ఆయనది. విసిరేవాళ్ళ సంగతి వేరే. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో లేబ్రమ్ పైభాగం చిరిగిన పిచ్చర్లను గమనించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో సగానికి దగ్గర మంది ఏదో స్థాయిలో మళ్ళీ ఆడారు, కానీ మునుపటి స్థాయి అందుకున్నవాళ్ళు 7 శాతం. వ్యాయామంతోనే నెట్టుకొచ్చినవాళ్ళలో 40 శాతం తిరిగొచ్చారు, మునుపటి స్థాయికి 22 శాతం. రెండూ గొప్ప అంకెలేం కావు. అయితే "కుట్లేస్తే కొత్త భుజం" అనే మాట మీద ఎవరైనా సంతకం పెట్టిస్తుంటే ఈ అంకెలు అడగండి.

ఇక ఎమ్మారై. 2003లో అమెరికాలో ఏ నొప్పీ లేని 20 మంది టెన్నిస్, బేస్‌బాల్ ఆటగాళ్ళకు స్కాన్ తీశారు. 8 మంది ఆడే చేతిలో కఫ్ చిరుగు, అంటే భుజాన్ని చుట్టిన కండర కొసల్లో చిరుగు కనిపించింది. ఐదేళ్ళ తర్వాత అడిగినా వాళ్ళెవరికీ ఇబ్బంది లేదు. విసిరే భుజం స్కాన్‌లో కొత్త భుజంలా కనిపించదు, రోజూ తొడిగే చెప్పు మడమ అరిగినట్టే. అరిగిన ప్రతిదానికీ కుట్టు వేస్తే భుజం బిగిసిపోయి అసలు విసరలేడు. ఈ అబ్బాయి రిపోర్టులో "ఫ్రేయింగ్" అన్న మాటకి అర్థం అంచు పీచులేచిందని, ఊడిపోయిందని కాదు.

నేను ఎప్పుడు కోస్తానంటే: మూడు నెలలు నిజాయితీగా వ్యాయామం చేసినా విసరలేకపోతే, చిరుగు మందంలో సగం దాటితే, లేదా భుజం జారిపోతుంటే, జావెలిన్ గారిలా నరం నొక్కుకుంటే. దెబ్బ తగిలి ఒక్కసారిగా చెయ్యి లేవకపోతే మాత్రం ఆగను.

సూది గురించి ఒక ముక్క. స్టెరాయిడ్ సూదితో నొప్పి తెలిపే గంట మోగడం ఆగుతుంది, మంట ఆరదు. ఈ వయసులో పదేపదే వేస్తే కండర కొసలు మెత్తబడతాయి. జావెలిన్ లాంటి ఆటల్లో ఇంకో ప్రమాదం ఉంది: 2022 జనవరి 1 నుంచి ఈ స్టెరాయిడ్ (గ్లూకోకార్టికాయిడ్) సూది ఏ చోట వేసినా పోటీ సమయంలో నిషేధం. డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్ళు నమూనా తీసుకుంటే "ఊళ్ళో వేశారండీ" అంటే కుదరదు.

ఇక్కడ చదివి సొంతంగా ఖాయం చేసుకోవద్దు. భుజం వెనక్కి తిప్పి పట్టి, ముందు నుంచి నొక్కితే నొప్పి తగ్గుతుందా లేదా అన్న పరీక్ష ఒకటుంది, అది చేత్తో చేయాలి. దగ్గర్లో ఎవరైనా స్పోర్ట్స్ ఫిజియోకి ఒకసారి చూపించుకో బాబూ.

పల్నాడు_పేసర్ | జనవరి 25, సాయంత్రం 5:15

విజయవాడ వెళ్ళి చూపించుకున్నాం సార్. ఆ పరీక్ష చేశారు. చెయ్యి వెనక్కి తిప్పగానే పొడిచింది, ముందు నుంచి నొక్కగానే పోయింది. మీరు, అక్క అన్నదే అన్నారు. ఆరు వారాలు త్రో బంద్. ట్రయల్స్ పోయినట్టే. నాన్న బస్సులో ఏం మాట్లాడలేదు, దిగేటప్పుడు మాత్రం లక్షన్నర మిగిలింది కదరా అన్నాడు.

వ్యాయామాల్లో స్లీపర్ స్ట్రెచ్ చెప్పారు, పక్కకి పడుకుని చెయ్యి కిందకి నొక్కేది. చేస్తే భుజం ముందు నొప్పి వస్తోంది.

జావెలిన్_హన్మకొండ | జనవరి 25, సాయంత్రం 5:40

నొప్పి వచ్చినా గట్టిగ నొక్కాలె, అప్పుడే విడుస్తది. మేము అట్లనే చేసినం.

టేపు_ఫిజియో | జనవరి 25, రాత్రి 7:55

అన్నా, దండం పెడతా, అలా చెప్పకు. ముందు వైపు నొప్పి వస్తే ఆ సాగతీత తప్పు చోట పడుతోందని అర్థం.

తమ్ముడూ, రెక్క ఎముకను గోడకి ఆనించి కదలకుండా పెట్టు, కుడి చేతిని ఛాతీ మీదుగా ఎడమ చేత్తో లాక్కో. భుజం వెనక లాగాలి, ముందు కాదు. 30 సెకన్లు, ఐదు సార్లు, రోజూ. 2007లో ఈ రెండు పద్ధతులనూ పరీక్షించినప్పుడు, ఏమీ చేయనివాళ్ళకంటే స్పష్టంగా మెరుగు చూపించింది ఛాతీ మీదుగా లాగేదే. మీ ఫిజియోకి ఈ నొప్పి సంగతి చెప్పి మార్పించుకో.

బ్యాండ్‌తో బయటికి తిప్పడం, బోర్లా పడుకుని చేతులు వై ఆకారంలో లేపడం, గోడ మీద పుషప్స్ చివర రెక్కల్ని ఇంకాస్త ముందుకు తోయడం, ఇవన్నీ నీకు రాసే ఉంటారు. బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలంలో మూడింట రెండు వంతులైనా ఉండాలి. ఛాతీ బెంచ్ ప్రెస్ రోజూ, వెనక్కి మటుకు వారానికోసారి అనే జిమ్ కుర్రాళ్ళకి ఇది ఎప్పుడూ తలకిందులే.

ఎడమ కాలి మీద ఒంటికాలి గుంజీలు మర్చిపోకు. అద్దం ముందు నిలబడి చేస్తూ చూసుకో, మోకాలు లోపలికి వాలకూడదు.

కాపడం_బాబాయ్ | జనవరి 26, ఉదయం 6:02

ఉప్పు మూట అయినా పెట్టుకోవచ్చా లేదా?

టేపు_ఫిజియో | జనవరి 26, ఉదయం 9:15

సాగదీసే ముందు పెట్టుకోమనండి బాబాయ్ గారూ, హాయిగా ఉంటుంది 🙂

పల్నాడు_పేసర్ | మార్చి 9, రాత్రి 8:47

ఆరు వారాలయ్యాయి. కుడి లోపలికి 52, బయటికి 112. మొత్తం 164. వెనక్కి తిప్పితే పొడవట్లేదు. ఈరోజు నుంచి త్రో మొదలెట్టమన్నారు. 14 మీటర్లు, 25 త్రోలు, పది నిమిషాలు ఆగి ఇంకో 25. రోజు విడిచి రోజు. 14 మీటర్లంటే మా చెల్లి కూడా విసురుతుంది, గ్రౌండ్‌లో అందరూ నవ్వారు.

బౌండరీ_లైన్ | మార్చి 9, రాత్రి 9:10

నవ్వనీ. 14, 18, 27, 37, 46, 55. ఒక్కో మెట్టూ రెండుసార్లు నొప్పి లేకుండా అయితేనే పైకి. విసిరేటప్పుడు నొప్పి వస్తే ఆ రోజుకి ఆపి కింది మెట్టుకి. మర్నాడు కండ బరువుగా ఉంటే పర్లేదు, లోపల పొడిస్తే ఒప్పుకోకు. బంతి గాలిలో కాస్త వంపుగా పోనీ, చదునుగా కొట్టకు. క్రో హాప్ (విసిరే ముందు చిన్న గెంతు) వేసి, ముందుకాలు గోడ.

పల్నాడు_పేసర్ | ఏప్రిల్ 12, సాయంత్రం 7:20

37 మీటర్ల మెట్టు రెండోసారి అయింది, 50 త్రోలు. నొప్పి లేదు. ఒకసారి 27 దగ్గర ఎగబడి రోజూ విసిరా, పొడిచింది, 18కి దిగి మళ్ళీ ఎక్కా, అది మీకు చెప్పలేదు.

ఉగాది టోర్నీకి ఊళ్ళో పిలిచారు. అంపైరింగ్ చేశా. లాంగాన్‌లో ఒక పదిహేనేళ్ళ పిల్లోడు మోచెయ్యి కిందకి జార్చి విసురుతూ మధ్యమధ్యలో భుజం పిసుక్కుంటున్నాడు. డ్రింక్స్‌లో పిలిచి, చాప ఉందారా మీ ఇంట్లో అని అడిగా.